మూడో గదిలో "ఏవండీ"

ఆ మూడో గది పేరెత్తితే చాలు, గిటార్లు వాయించే మగాళ్ళంతా మాట మార్చేసేవాళ్ళు.

పాత మేడ. కింద నేలమాళిగలో వరసగా మూడు గదులు. పాటలు సాధన చేసుకునే బ్యాండ్లకి గంటల లెక్కన ఇస్తారు. మొదటి రెండూ ఎప్పుడూ కిటకిటలాడుతుంటాయి. మూడోది మాత్రం… రాత్రి తొమ్మిది దాటిందంటే ఖాళీ.

ఎందుకంటే, అక్కడ యాంప్లిఫయర్ మాట్లాడుతుంది. ఎవరూ తీగ ముట్టకుండానే… ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు… ఒక ఆడగొంతు…

"ఏవండీ…" అని పిలుస్తుంది.

ఆ ఒక్క మాట చాలదూ! పెళ్ళి కాకుండా పోయిన పిల్లెవరో మొగుణ్ణి వెతుక్కుంటోందని కథ అల్లేశారు. ఒక బ్రహ్మచారి డ్రమ్మర్ అది విని రెండు రోజులు జ్వరంతో మూలిగి, మూడో రోజు సంబంధాలు చూడమని వాళ్ళమ్మని పట్టుకున్నాడట. పెళ్ళయిన ఇంకొకాయన "నాకు ఇంట్లో ఒకావిడ ఉందమ్మా తల్లీ!" అని యాంప్లిఫయర్‌కి దండం పెట్టి మరీ పరిగెత్తాడట.

అలాంటి గదిలోకి పళ్ళాయన వెళ్ళాల్సొచ్చింది.

పళ్ళాయన అంటే డాక్టరు కాదు. పగలంతా ఒక ల్యాబులో కూర్చుని, మైనం కరిగించి, ఊరివాళ్ళ నోళ్ళకి కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. సాయంత్రమైతే గిటార్ తగిలించుకుంటాడు. వాళ్ళ బ్యాండుది బరువైన సంగీతం. తీగల శ్రుతి బాగా కిందికి దించేసి, వినేవాళ్ళ పొట్టలో దడ పుట్టేలా వాయిస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. అంత కిందికి దించేసరికి అతని గిటార్లో లావుపాటి తీగ పలకడం మానేసి, తడిసిన పరుపుని కర్రతో బాదినట్టు ధబధబమనేది.

"ఆదివారం రికార్డింగ్. అప్పటికీ ఇదే బురద మోతయితే మేం ఇంకొకణ్ణి చూసుకుంటాం గురూ. ఏమనుకోకు," అనేశాడు వాళ్ళ డ్రమ్మర్, మొహం పక్కకి తిప్పుకుని.

ఎనిమిదేళ్ళ స్నేహం.

మర్నాడే పళ్ళాయన గిటార్లు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి పరిగెత్తాడు. మేస్త్రీ అంతా విని, "గిటార్ బాగానే ఉంది, పికప్ మార్చాలి," అన్నాడు. తీగల కింద కూర్చునే అయస్కాంతం ముక్క, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు… తీగ కదలికని పట్టుకుని యాంప్లిఫయర్‌కి అందించేది అదే.

"గట్టిగా అరిచేది ఇవ్వండి," అన్నాడు పళ్ళాయన.

"అందరూ అదే అడుగుతారు. కింది శ్రుతికి కావలసింది అరుపు కాదు నాయనా, ఉచ్చారణ."

అయినా వింటేనా! అన్నిటికన్నా గట్టిగా అరిచేదే బిగించుకెళ్ళాడు. బురద రెండింతలయింది. రెండోది బ్యాటరీతో నడిచేది. అది మరీ శుభ్రంగా, కట్టుడు పళ్ళతో నవ్వినట్టు పలికింది. పళ్ళాయనకి ఆ నవ్వు సంగతి బాగా తెలుసు కాబట్టి దాన్నీ తిరిగిచ్చేశాడు.

ఈలోగా ఇంట్లో ఇంకో గోల. "పికప్ దొరకట్లేదే అమ్మా," అని అతను గొణగడం విని, కొడుకు సామాన్లు మోసే పికప్ బండి కొంటున్నాడని వాళ్ళమ్మ వీధంతా చెప్పేసింది. మేనమామ ఫోను చేసి, "ఆదివారం బీరువా తరలించాలి, బండి పంపించరా అల్లుడూ," అన్నాడు.

గురువారం సాయంత్రం రెండు గదులూ నిండిపోయాయి. మూడోదే మిగిలింది. వెలుగుండగా ఏమవుతుందిలే అనుకుని పళ్ళాయన లోపలికి నడిచాడు.

గోడకి నీళ్ళ గొట్టం, గొట్టానికి బిగించిన కొక్కెం, కొక్కేనికి దుమ్ముపట్టిన పాత గిటార్. ఊరికే తీశాడు. శ్రుతి దించాడు. తన సంచిలోని వైరు తీసి యాంప్లిఫయర్‌కి కలిపి, లావుపాటి తీగ మీద ఒక్క దెబ్బ వేశాడు.

గది గజగజలాడింది. కానీ బురద లేదు! ఎంత వేగంగా వాయించినా అక్షరం అక్షరం విడివిడిగా వినపడుతోంది. పళ్ళాయనకి ఏడుపొచ్చినంత పనయింది.

ఒక్క పరుగున పై అంతస్తుకి ఎక్కి, మేడ యజమానురాలి తలుపు తట్టాడు. బ్యాండ్లన్నీ ఆవిణ్ణి పిన్నిగారనే పిలుస్తాయి.

"ఆ గిటార్ మా ఆయనది. అందులో పికప్ చుట్టింది కూడా ఆయనే, చేత్తో," అంది పిన్నిగారు. ఆయన పోయి నాలుగేళ్ళయింది.

"నాకిస్తారా పిన్నిగారూ? అది లేకపోతే బ్యాండులో నాకు చోటు లేదు."

ఆవిడ తలుపు సగం దగ్గరికి వేసింది.

"అడిగి చెప్తాను నాయనా."

"ఎవర్నండీ?"

తలుపు మూసుకుంది.

పళ్ళాయన మళ్ళీ కిందికి వచ్చి వాయిస్తూ కూర్చున్నాడు. ఆ మోతలో టైము తెలియలేదు. పక్క గదులవాళ్ళు ఎప్పుడు వెళ్ళిపోయారో తెలియలేదు. గడియారం చూసేసరికి పదిన్నర.

గబగబా లేచి గిటార్‌ని కొక్కేనికి తగిలించాడు. వైరు పీకబోతూ…

"ఏవండీ…"

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

యాంప్లిఫయర్ మీద ఎర్ర దీపం. గిటార్ దగ్గర ఎవరూ లేరు. గదిలో ఎవరూ లేరు… తను తప్ప.

"ఏవండీ… వింటున్నారా…"

'నాకింకా పెళ్ళి కాలేదు,' అనుకున్నాడు. అది ఇంకా ప్రమాదమని వెంటనే తోచింది.

"ఆ పళ్ళాయన వచ్చాడండీ…"

దెయ్యానికి తన పేరు కూడా తెలుసు!

"…కిందే ఉన్నాడు…"

ఒక్క ఊపులో తలుపు దాకా వెళ్ళాడు. గడియ మీద చెయ్యి వేశాడు. వెనకనుంచి అదే గొంతు, సన్నగా… నీరసంగా…

"ట్యాంకు మళ్ళీ పొంగిందండీ. ఆ ప్లంబర్‌ని పిలిస్తే రేపంటాడు. వాడి రేపు ఎప్పుడొస్తుందో ఏమో…"

పళ్ళాయన ఆగాడు. ప్లంబర్ కోసం ఎదురుచూసే దెయ్యాన్ని అతనెక్కడా వినలేదు.

మెల్లగా వెనక్కి వచ్చి, గోరుతో పికప్‌ని తట్టాడు. యాంప్లిఫయర్ 'టక్' మంది. నీళ్ళ గొట్టం మీద వేలు పెట్టాడు. పై నుంచి మాట వచ్చినప్పుడల్లా గొట్టం వణుకుతోంది.

అప్పుడర్థమయింది. పికప్ చుట్టాక రాగి చుట్ల సందుల్లో మైనం పోస్తారు. పోయకపోతే చుట్లు కదులుతూ, తీగనే కాదు, దగ్గర్లో పుట్టిన ప్రతి మాటనీ పట్టేసుకుంటాయి. పిన్నిగారి ఆయన మైనం పోయలేదు. పైన పిన్నిగారి మంచం ఈ గొట్టం పక్కనే ఉండుంటుంది. నాలుగేళ్ళుగా రోజూ రాత్రి పడుకోబోయే ముందు, ఆవిడ మొగుడితో నాలుగు మాటలు చెప్పుకుంటోంది. ఈ గిటార్‌కి వైరు తగిలించిన మగాళ్ళంతా తమనే పిలుస్తోందనుకుని పారిపోతున్నారు.

నవ్వొచ్చింది. కానీ సగంలోనే ఆగిపోయింది.

"ఏవండీ… మీ గిటార్ అడుగుతున్నాడు ఆ అబ్బాయి. ఇచ్చేయనా? మీకిష్టమైతే… ఒక్కసారి మోగించండి."

పైన ఆవిడ ఎదురుచూస్తోంది.

తీగకీ పళ్ళాయన వేలికీ మధ్య జానెడు దూరం. ఒక్కసారి మీటితే చాలు. ఆవిడా సంతోషిస్తుంది, ఆదివారమూ గట్టెక్కుతుంది. ఎవరికి తెలుస్తుంది?

వేలు దగ్గరికి వెళ్ళింది… ఇంకా దగ్గరికి…

"ఏవండీ…?"

ఆ గొంతులోని ఆశకి అతనికి సిగ్గేసింది. అరచెయ్యి వెడల్పుగా చాచి, పొరపాటున కూడా మోగకుండా తీగలన్నిటినీ అదిమి పట్టుకున్నాడు. ఊపిరి కూడా బిగబట్టాడు.

చాలాసేపటికి… "సరే లెండి. పొద్దుపోయింది. పడుకోండి," అంది గొంతు.

పళ్ళాయన కళ్ళు తుడుచుకున్నాడు. యాంప్లిఫయర్ ఆపి, గోడలోంచి ప్లగ్గు లాగేశాడు. గిటార్ నుంచి వైరు పీకి, చుట్టచుట్టి సంచిలో పెట్టుకున్నాడు. బయటికొచ్చి గేటు వేశాడు. పాత గేటు కిర్రుమని వీధంతా వినపడేలా మూసుకుంది.

తెల్లారి, ల్యాబుకి కూడా వెళ్ళకుండా తిన్నగా పిన్నిగారి తలుపు తట్టాడు. గిటార్ వద్దని చెప్పాలి. మీ మాటలు కిందికి వినపడుతున్నాయని కూడా చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో దారంతా వల్లెవేసుకుంటూనే వచ్చాడు.

తలుపు తెరిచిన పిన్నిగారి మొహం వెలిగిపోతోంది.

"వచ్చావా నాయనా! గిటార్ తీసుకెళ్ళు. ఆయన సరేనన్నారు."

"పిన్నిగారూ… రాత్రి నేను…"

"తెలుసులే, పొద్దుపోయేదాకా కిందే ఉన్నావుగా. నువ్వుండగా ఎలా పలుకుతారు? మా ఆయనకి మొదట్నించీ మొహమాటం." ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ నవ్వింది. "నువ్వు గేటు వేసిన చప్పుడయ్యాక మోగించారు… రెండుసార్లు. ఈ గోడంతా అదిరిపోయింది!"

పళ్ళాయన చెయ్యి దానంతటదే భుజాన ఉన్న సంచిలోకి వెళ్ళి తడిమింది.

వైరు అందులోనే ఉంది.