నాలుగో జోన్‌ల ఎందరున్నరు

నాకు దెయ్యాలంటే భయం లేకుండె. బిల్డింగుల గాలి లెక్క యాడ తప్పుతదో అన్నదే నా భయం. ఏ గదిల ఎంత వేడి పుడతది, ఎంత మంచి గాలి పంపాలె, ఏసీ ఎంతది పెట్టాలె... ఇటుక పెట్టకముందే కంప్యూటర్ల బొమ్మ గీసి చెప్పుడు నా పని. గదిని మేం జోన్ అంటం.

మొన్న ఎండకాలంల బోధన్‌ల ఒక పాత బీడీల కార్ఖానను దవఖాన చేస్తమంటే పని ఒప్పుకున్న. నిజామాబాద్ నుంచి పొద్దుగాలనే కార్ల పోయినం, నేను, మా తమ్ముడు పాల్ రాజ్. మీటర్లు, ఫ్యాన్లు బిగించుడు వాని పని. చిన్నప్పటి సంది ఆయాసం వానికి, జేబుల ఇన్‌హేలర్ లేనిది గడప దాటడు. "తమ్ముడు పైలం బిడ్డా" అని ఇంటికాడ మా అవ్వ నాకు అప్పజెప్పి పంపింది. ఆడ తాళంచెవులు నర్సవ్వ అనే ముసలామె కాడ ఉన్నయి. వయసుల ఉన్నప్పుడు ఆమె ఆ కార్ఖానలనే బీడీలు చేసిందట.

మూడు జోన్లు ముంగట, నాలుగోది వెనుక పెద్ద హాలు. అన్నింట్ల గాలి మీటర్లు పెట్టి, తలుపులేసి, ముంగటి గదిల లాప్‌టాప్ తెరిచిన. మనుషులు ఊపిరి తీసి ఇడిస్తే ఆ మీటర్ల అంకె పెరుగుతది. బయట గాలిల నాలుగు వందల ఇరవై. మూడు జోన్లల గూడ గంతే. నాలుగోదాంట్ల పందొమ్మిది వందలు.

"మీటర్ ఖరాబైంది" అన్న.

"పొద్దుగాల మంచిగనే ఉండె అక్కా. నీ కంప్యూటర్‌కే దెయ్యం పట్టినట్టుంది" అని నవ్విండు వాడు.

నాకు తిక్క లేసింది. సూద్దాం తియ్ అని, నా లెక్కల ఆ ఖాళీ హాలుకు మనుషులను వేసుకుంట పోయిన. పది మందిని వేస్తే నా గీత మీటర్ గీతను అందలే. ఇరవై వేస్తే దాటిపోయింది. పద్దెనిమిది వేసిన... మీటర్ గీత మీద నా గీత అచ్చంగ కూసుంది. వేడి గూడ కలిసింది. పద్దెనిమిది మంది కూసొని, కదలకుండ, చేతులతోని పనిచేస్తే ఎంత వేడి పుడతదో గంతే.

అయినా నా మొండితనం నాది. "నువ్ పోయి కొత్త మీటర్ పెట్టిరా పో" అన్న. ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ తిట్టుకుంటున్న.

వాడు పోయిండు. తలుపు తెరిచిన సప్పుడు. మళ్ల మూసుకున్న సప్పుడు. తంబాకు వాసన గుప్పుమన్నది... కార్ఖాన మూతపడి ఇరవై ఏండ్లాయె.

ఫోన్ చేసిన.

"అక్కా..." గుసగుస. "ఈడ ఎవరో కూసున్నట్టున్నది."

"లైట్ వెయ్యి."

"వేసిన. ఎవలు కనిపిస్తలేరు... కత్తెర్ల సప్పుడైతుంది. ఆకు కత్తిరించినట్టు."

"బయటికి రా రా!"

"గుంజితే తలుపు వస్తలేదక్కా... గాలి ఆడ్తలేదు..."

ఇన్‌హేలర్ కొట్టుకున్న సప్పుడు. ఒకసారి. రెండుసార్లు. తర్వాత ఊపిరి లాగుడే ఇనిపించింది.

పొద్దుగాల వాడు బిగించిన హాలు ఫ్యాన్ స్విచ్ వేసిన. ఫ్యాన్ తిరుగుతుంది, అంకె దిగుతలే. రెండు వేలు... రెండు వేల మూడు వందలు... వెనుకకు ఉరికి తలుపు గుద్దిన, తన్నిన. యేసయ్యా, యేసయ్యా అనుకుంట గోడల గాలి రంధ్రంల చెయ్యి పెట్టిన. లోపటి నుంచి ఎవరో తడి గోనెసంచి కుక్కిండ్రు. అప్పుడే తడిపినట్టు నీళ్లు కారుతున్నయి.

నర్సవ్వ వెనుక నుంచి వచ్చి నా రెట్ట పట్టుకుంది. "ఫ్యాన్ బంద్ చెయ్ బిడ్డా."

"మా తమ్ముడు సస్తుండు అవ్వా!"

"గందుకే చెప్తున్న. పనికాడ గాలి పెడితే తంబాకు లేస్తది, ఆకు ఎండుతది. మేం ఎంత ఎండల గూడ కిటికీ తియ్యకపోతుంటిమి. గాలి పెట్టినోళ్లను ఊకోరు."

"ఎవలు ఊకోరు?"

ఆమె తలుపుకు నోరు ఆనిచ్చి మెల్లగ అన్నది, "బంద్ చేస్తున్నం అక్కలారా. పోరడు తెల్వక వచ్చిండు. ఇడిసిపెట్టుండ్రి."

ఉరికి ఫ్యాన్ బంద్ చేసి వచ్చిన. తలుపు తెరిచే ఉంది. పాల్ రాజ్ గడప మీద నిలబడ్డడు. "ఏందక్కా, గట్ల సూస్తున్నవ్?" ఆయాసం లేదు, చెమట లేదు. గుండెకు అదుముకొని బోరున ఏడ్చిన.

నర్సవ్వ మాత్రం వాని దిక్కు సూడలే. తాళం వేసి, కొంగు తలమీదికి లాక్కొని పోయింది.

లాప్‌టాప్ మూయబోతే నాలుగో జోన్ గీత కనిపించింది. పద్దెనిమిదికి కలుస్తలేదు. పందొమ్మిది వేసిన. కలిసింది.

కార్ల నా పక్కనే కూసున్నడు. ఇంకొక మీటర్ తీసి నేను ఊదిన. అంకె మూడు వేలు దాటింది. అద్దం దించి, మెల్లగ నాలుగు వందల ఇరవైకి దిగినంక వాని మూతి కాడ పెట్టిన.

"ఊదు రా."

బుగ్గలు ఉబ్బించి ఊదిండు. నాలుగు వందల ఇరవై.

"గట్టిగ..."

నాలుగు వందల ఇరవై.

అప్పుడే ఇంటికాడి నుంచి అవ్వ ఫోన్ చేసింది. "తమ్ముడు పైలంగున్నడా బిడ్డా? వానికి ఇయ్యి." స్పీకర్ పెట్టి వాని ముంగట పట్టిన.

"వస్తున్నం అవ్వా, అన్నం వండు" అన్నడు వాడు, నా కండ్లల్లకే సూసుకుంట.

"హలో?" అన్నది అవ్వ. "హలో... ఇచ్చినవా బిడ్డా? ఎవలు మాట్లాడ్తలేరేంది?"