బాబాయి కూతురు

"ఆన్ యువర్ లెఫ్ట్" అని గట్టిగా అరిచాను. అమెరికాలో సైకిల్ దారి మీద ముందువాళ్లను దాటేటప్పుడు అలా అరవడం మర్యాద. నీ ఎడమ పక్క నుంచి వస్తున్నాను, నువ్వు కుడికి జరుగు అని దాని భావం.

ముందున్న అమ్మాయి చక్కగా ఎడమకే జరిగింది.

ఇద్దరం గడ్డిలో పడ్డాం. ఆమె సైకిల్ క్యారియర్‌కు కట్టిన స్టీల్ డబ్బా మూత ఊడిపోయి, పులిహోర పచ్చగడ్డి మీద చిమ్మింది.

"కండ్లు నెత్తికెక్కినయా ఏంది వీనికి" అని తనలో తాను అనుకుంటూ ఆమె మోచేతి మట్టి దులుపుకుంది.

నేను అమెరికా వచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో నన్ను తెలుగులో తిట్టిన మనిషి లేదు. కోపం రావాల్సిన చోట నాకు ప్రాణం లేచొచ్చింది.

"వస్తున్నానని ముందే చెప్పాను కదండీ" అన్నాను.

ఆమె టక్కున తలెత్తింది. తిట్టింది అర్థమైందని తెలిసి మొహం ఎర్రబడింది గానీ, వెనక్కి తగ్గే రకం కాదు. "తెలుగా? ఎక్కడ?"

"తెనాలి."

"మరి ఎడమకు జరగమని ఎందుకన్నరు?"

"జరగమనలేదు. ఎడమ నుంచి వస్తున్నానన్నాను."

"మా ఖాజీపేటల ఎనక నుంచి బండి వస్తే ఎడమకే జరుగుతం. తెనాలిల నడి రోడ్డు మీద నిలబడ్తరా?"

ఆమె పేరు వసుమతి. లీస్‌బర్గ్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పని. నా పేరు శ్యామ్‌సుందర్, హెర్న్‌డన్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఇది ఎనభై తొమ్మిది ఏప్రిల్ ఆఖరి సంగతి. మిగిలిన పులిహోర ఇద్దరం డబ్బా మూతలో పెట్టుకుని తిన్నాం.

ఆ దారి గురించి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు అది రైలు మార్గం. రైళ్లు ఆగిపోయాక పట్టాలు తీసేసి, సన్నగా తారు పోసి, సైకిళ్లకూ నడిచేవాళ్లకూ వదిలేశారు. కార్లు రావు. హెర్న్‌డన్ పాత స్టేషన్ దగ్గర ఎక్కితే పొలాలు, ఆవుల దొడ్లు, రెండొందల ఏళ్ల నాటి రాతి ఇళ్లున్న పల్లెలు దాటుకుంటూ, పడమటి నీలి కొండల వైపు పాతిక మైళ్లు వెళ్లొచ్చు. చివరి ఊరు పర్సెల్‌విల్. అక్కడ ఒక బెంచి ఉంది. నేను ప్రతి శనివారం ఆ బెంచి దాకా వెళ్లి, కాసేపు కూర్చుని తిరిగొచ్చేవాణ్ణి.

ఆరోగ్యం కోసం కాదు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు గేటు దగ్గర గార్డుకు గుడ్‌నైట్ చెబితే, మళ్లీ సోమవారం గుడ్‌మార్నింగ్ దాకా నా గొంతు నేను వినేవాణ్ణి కాదు. గదిలో ఉంటే పిచ్చెక్కుతుంది. దారి మీదైతే కనీసం "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరవొచ్చు.

తర్వాతి శనివారం లీస్‌బర్గ్ దగ్గర ఆమె నిలబడి ఉంది. డబ్బా ఈసారి కొంచెం పెద్దది.

"మీ కోసం కాదు. నాకే ఆకలెక్కువ" అంది, నేను అడగకముందే.

అలా ఎనిమిది శనివారాలు. రెండోవారానికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. వసుమతి నాన్నగారు రైల్వేలో పట్టాలు చూసే ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారట. అందుకని ఆమెకు ఈ దారి మీద నాకంటే హక్కెక్కువ.

"రైలు ఎక్కే కొండ గనక ఎత్తు నెమ్మదిగ లేస్తది. నువ్వేమో మేడ మెట్లు ఎక్కుతున్నట్టు రొప్పుతవ్" అనేది.

"రొప్పడం కాదు, నిట్టూర్పు."

"దేనికి?"

దేనికో చెప్పాల్సిన సమయం ఒకసారి వచ్చింది. మే నెలలో హామిల్టన్ దగ్గర వాన పట్టుకుంది. మూసేసిన పాత స్టేషన్ చూరు కింద ఇద్దరం ఇరుక్కుని నిలబడ్డాం. ఆమె జడ చివర నుంచి నీళ్లు నా చెప్పు మీద పడుతున్నాయి. నేను చెప్పు కదపలేదు. ఆమె వానను చూస్తోంది, నేను ఆమెను చూస్తున్నాను, ఆమె ఉన్నట్టుండి ఇటు తిరిగింది, నేను వానను చూశాను.

"ఏందో అనబోయినవ్" అంది.

"వాన తగ్గేట్టుంది" అన్నాను.

తగ్గలేదు. ఇంకో అరగంట కురిసింది. ఆ అరగంటలో నేను వాతావరణం తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

జూన్ మొదటి శనివారం కొంప మునిగింది. హామిల్టన్ దాటాక మా దారికి అడ్డంగా కార్ల రోడ్డు వస్తుంది. అక్కడ ఆగి ఉంటే ఒక నీలం రంగు కారు పక్కన ఆగి, అద్దం దిగింది. అనంతలక్ష్మి ఆంటీ. స్ట్రాబెర్రీ తోటకు బయల్దేరినట్టున్నారు, ఒళ్లో రెండు బుట్టలున్నాయి. మా వైపు తెలుగువాళ్లలో ఆవిడకు తెలియని కుటుంబం లేదు. తెలియనిదేదైనా ఉంటే ఆదివారం సాయంత్రానికల్లా తెలుసుకుంటారు.

"శ్యామ్, ఇక్కడేం చేస్తున్నావు?"

"సైకిల్ తొక్కుతున్నానాంటీ."

"అది కనిపిస్తూనే ఉంది. ఈ అమ్మాయెవరు?"

"కజిన్ ఆంటీ" అన్నాను. ఇంగ్లీషువాడు అన్ని చుట్టరికాలకూ ఒకే మాట పెట్టి పుణ్యం కట్టుకున్నాడు. కానీ ఆంటీ ఇంగ్లీషుతో సరిపెట్టుకునే మనిషి కాదు.

"కజినంటే? ఏ వరస?"

తెలుగువాడికి ఇక్కడ రెండే దారులు. మేనమామ కూతురంటే పెళ్లాడదగిన పిల్ల. బాబాయి కూతురంటే చెల్లెలు. మేనమామ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. పక్కన వసుమతి నా మొహంలోకి చూస్తోంది.

"బాబాయి కూతురు."

"అలాగా, చెల్లెలన్నమాట" అని ఆంటీ ప్రసన్నంగా నవ్వారు. "పెళ్లయిందా?"

"ఇంకా లేదాంటీ."

"చూద్దాంలే" అని ఆవిడ అద్దం ఎత్తేశారు.

పర్సెల్‌విల్ దాకా వసుమతి నాకంటే వంద గజాలు ముందే తొక్కింది.

"కోపం వచ్చిందా?" అన్నాను.

"అన్న మీద కోపమెందుకు?" అని డబ్బా మూత తీసింది.

పదిహేను రోజులకు ఆంటీ ఫోన్ చేశారు. అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో ఇంజనీరట, కృష్ణమోహన్. బుద్ధిమంతుడు, గ్రీన్‌కార్డ్ వచ్చేసింది. అన్నగా నేనే కబురు అందించాలట. గోత్రం అడిగితే నా గోత్రం చెప్పాను. అన్నను కదా. ఫోన్ నంబరు మాత్రం వసుమతిదే ఇచ్చాను. వివరాలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను.

ఆ కాగితం వసుమతికి ఎందుకిచ్చానని చాలామంది అడిగారు. నన్ను నేనూ అడిగాను. ఆమె చదివి చింపేస్తుందనుకున్నాను. చింపేస్తే ఇక నేను నోరు విప్పక్కర్లేదు. పిరికివాడి లెక్కలు ఇలాగే ఉంటాయి.

ఆమె చింపలేదు. రెండుసార్లు చదివి, "నువ్వేమంటవ్?" అంది.

"మంచి సంబంధమే" అన్నాను.

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "సరే అన్నయ్యా" అని సైకిలెక్కింది.

మరుసటి శనివారం లీస్‌బర్గ్ దగ్గర లేదు. ఆ పై శనివారం కూడా లేదు. ఫోన్ చేస్తే ఆన్సరింగ్ మెషీన్ ఆమె గొంతుతో ఇంగ్లీషులో మాట్లాడేది. ఆ గొంతు వినడానికే రెండుసార్లు చేసి, బీప్ వచ్చేలోగా పెట్టేశాను.

దారి ముందులాగే ఉంది. ఆవులు, రాతి ఇళ్లు, నీలి కొండలు. వసుమతి రాకముందు అవన్నీ నాకు సరిపోయేవి. ఇప్పుడు ఏ మలుపు తిరిగినా, చెప్పడానికి ఒక మాట నోటిదాకా వచ్చి, వినే మనిషి లేక అక్కడే ఆగిపోయేది. ఒంటరితనం అలవాటైన రోగం అనుకున్నాను. అది ఇంత నొప్పి పెడుతుందని ఎనిమిది శనివారాలు బాగున్నాకే తెలిసింది.

ఏడు వారాలు అలా గడిచాయి. ఎనిమిదో శనివారం లీస్‌బర్గ్ దాటి కొంచెం దూరం వెళ్లాక, దారి పక్కన ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని కల్వర్టు రాళ్లను పరీక్షగా చూస్తున్నారు. తెల్ల చొక్కా, తోలు చెప్పులు, చంకలో గొడుగు. నన్ను చూసి లేచారు.

"శ్యామ్‌సుందర్ అంటే నువ్వేనా? మా అన్న కొడుకువు?"

నేను సైకిల్ దిగాను. కాళ్లు వాటంతటవే దిగాయి.

"నా పేరు కొండల్ రావు. వసుమతి వాళ్ల నాన్నను. వచ్చి మూడు వారాలాయె. నిన్న ఎవరో అనంతలక్ష్మమ్మ ఫోన్ చేసి, మీ అన్నగారబ్బాయి చెల్లెల్ని ఎంత బాగ చూసుకుంటడండీ అన్నది. నాకు అన్నల్లేరు బాబూ. మా నాయనకు నేనొక్కణ్ణే. ఆయనకేమన్న తెలుసేమో అడుగుదామంటే, పోయి పదేండ్లాయె."

"అబద్ధమాడానండీ" అన్నాను.

"అది తెలుస్తనే ఉంది. ఎందుకని బిడ్డనడిగితే, ఆయన్నే అడుగు, శనివారం ఈ తొవ్వలనే వస్తడన్నది."

చెప్పేశాను. ముందు తెచ్చుకున్న మాటలేమీ లేవు. "మీ అమ్మాయంటే నాకు ఇష్టమండీ. ఆ మాట ఆంటీ దగ్గరంటే అందరికీ తెలుస్తుంది. అందరికీ తెలిశాక వసుమతి కాదంటే, ఆ శనివారాలు కూడా నాకు మిగలవని భయపడ్డాను."

"ఇప్పుడు మిగిలినయా?"



ఆయన గొడుగు నేలకు ఆనించి, కొండల వైపు చూశారు. "మేల, జూన్ల బిడ్డ వారం వారం ఉత్తరం రాసింది. ఎక్కడ ఎత్తుంది, ఎక్కడ దిగుడుంది, ఏ ఊరి టేషన్‌కు ఏం రంగేసిన్రు, అన్నీ రాసింది. ముప్పై ఏండ్లు నేను పట్టాల మీద నడిచిన. ఒక్కడే నడిచేటోనికి గిన్ని కనపడయి. పక్కన ఎవరో ఉన్నరని అప్పుడే మా ఇంటామెకు చెప్పిన. జూన్ దాటినంక ఉత్తరంల ఏముందనుకున్నవ్? క్షేమం అన్న ముక్క ఒక్కటే."

"మరి ఆ అట్లాంటా సంబంధం?"

"రేపు పొద్దుగాల ఆ పిలగాడు ఫోన్ చేస్తడు. బిడ్డ ఔననలేదు, కాదనలేదు. నేను జబర్దస్తి చెయ్యలేదు." ఆయన గొడుగుతో ముందుకు చూపించారు. "పైన రాతి బ్రిడ్జి ఉందంట గద. సైకిలేసుకొని పోయింది, ఆడ కూసుంటనన్నది. నేను నడుచుకుంట పోతున్న. నువ్వు నా కంటె జల్ది పోతవనుకుంట."

"మీకు..." అని ఆగాను.

"నన్ను తర్వాత అడుగుదువు గని. ముందు పో."

ఆ మూడు మైళ్లూ ఎత్తే. నెమ్మదిగా లేచే ఎత్తని వసుమతి అనేది. ఆ రోజు అది నాకు గోడలా అనిపించింది. ఎవర్నో దాటుతూ అరవడం కూడా మర్చిపోయాను.

ఆమె వంతెన నీడలో రాతి మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"నాన్న ఏడి?"

"నడిచి వస్తున్నారు. ప్రతి కల్వర్టూ చూస్తున్నారు."

"అయితే సాయంత్రమైతది."

నాకు ఊపిరి ఆడటం లేదు. ఇంకా ఆగితే మళ్లీ వాతావరణం గురించి మాట్లాడతానని భయమేసింది. "వసూ, అది మంచి సంబంధం కాదు."

"ఏం లోపం?"

"ఏ లోపమూ లేదు. నాకు నువ్వు కావాలి. నువ్వు లేకపోతే ఈ దారి మీద నాకేం పని లేదు."

ఆమె కాలితో ఒక గులకరాయిని దారి మీదకు తోసింది.

"ఏడు వారాలు ఎందుకు రాలేదు?" అన్నాను.

"వచ్చిన."

"నేను ప్రతి శనివారం..."

"ఆదివారాలొచ్చిన. శనివారం నువ్వుంటవని ఆదివారం వచ్చిన. పర్సెల్‌విల్ దాక పోయి ఆ బెంచి మీద కూసొని, ఇద్దరికి సరిపోను చేసిన పులిహోర ఒక్కదాన్నే తిని తిరిగొచ్చిన. తక్కువ చెయ్యడానికి చెయ్యి రాలె."

శనివారం నేను కూర్చున్న బెంచి మీదే ఆదివారం ఆమె కూర్చుంది. ఒక్క రోజు తేడాలో ఇద్దరం ఏడు వారాలు ఒకే దారి మీద ఒంటరిగా తిరిగాం. ఆ బాధ నా ఒక్కడిదే అనుకున్నాను. దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. అది ఆ క్షణాన సిగ్గుగా మారింది.

"రేపు ఫోనొస్తే ఏమంటావు?" అన్నాను.

"నీకేమనిపిస్తది?"

"ఔనంటావేమోనని భయంగా ఉంది."

"నాకు గూడ అదే భయముండె" అంది మెల్లగా. "ఆ పిలగాడు నచ్చి కాదు. ఇట్ల ఒక్కదాన్నే కూసొని తినుడు కన్న ఔనంటే అయిపోతది గద అని, ఏడు ఆదివారాలు అనుకున్న."

నేను పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది, అరచేయి మాత్రం హ్యాండిల్ పట్టుకుని పట్టుకుని గరుకు తేలింది.

"అనంతలక్ష్మి ఆంటీకి ఎవరు చెబుతారు?" అన్నాను కాసేపయ్యాక.

"నువ్వే. చుట్టరికం కలిపింది నువ్వే గద." మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే రెండో చేత్తో కళ్లు తుడుచుకుంది.

ఇద్దరం ఏడు వారాల మాటలు చెప్పుకున్నాం. ఎక్కువగా చిన్న చిన్న సంగతులే. ఏ దొడ్లో దూడ పుట్టింది, ఏ ఇంటికి కొత్త రంగేశారు. ఆమె ఆదివారం చూసినవి, నేను శనివారం చూసినవి, రెండూ దాదాపు ఒకటే.

గంటన్నర తర్వాత మలుపు దగ్గర గొడుగు కనిపించింది.

"నాన్న వస్తున్నడు" అంది వసుమతి. చెయ్యి మాత్రం తీసుకోలేదు.