ఒంటికాలి మీద ముప్పై సెకన్లు

"మీ ఎడమకాలు ఇలా ఇవ్వండి," అన్నాను, ఉద్యోగధర్మంగా.

"ఎందుకూ? మీకు రెండున్నాయిగా!" అంది.

అదీ మా తొలి పరిచయం. నేను ఆటగాళ్ల కదలికలు కొలిచే ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఆమె ఫుట్‌బాల్ టీమ్‌లో లెఫ్ట్ వింగర్. అందరూ తూనీగ అంటారు. రెండేళ్లలో ఎడమ చీలమండ నాలుగుసార్లు మడతపడింది. వాపు ఎప్పుడో తగ్గింది గానీ, కాలి మీద నమ్మకం తిరిగి రాలేదు. ఎగిరి దిగినప్పుడల్లా బరువంతా కుడికాలి మీదకి తోసేసి, ఎడమకాలిని చుట్టపుచూపుగా నేలకి తాకిస్తోంది.

శనివారం ఫైనల్. ఆడాలంటే కళ్లు మూసుకుని ఎడమకాలి మీద ముప్పై సెకన్లు నిలబడాలి. కోచ్ పెట్టిన రూల్. కోచ్ ఆమెకి స్వయానా మేనత్త, అయినా రూల్ రూలే.

కంప్యూటర్‌కి కలిపిన, కాలి బరువునీ నిలబడ్డ సమయాన్నీ నమోదు చేసే పలక ఎక్కి తూనీగ కళ్లు మూసుకుంది. ముఖం మీదకి ఓ వెంట్రుక జారింది. ఉఫ్ అని ఊదింది. మళ్లీ జారింది. మళ్లీ ఊదింది. నేను గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను.

ఆమె తూలి కాలు దించాక స్టాప్‌వాచ్ చూసుకున్నాను. సున్నా. నొక్కితే కదా!

"ఎంతొచ్చింది, ల్యాబ్ సార్?"

"అదీ... బ్యాటరీ... ఇంకోసారి చేద్దామండి."

ఈసారి అలిసిన కాలు వణికింది. పందొమ్మిదికే దింపేసింది. సరిగ్గా అప్పుడే వచ్చిన కోచ్ నా చేతిలోని వాచ్‌లో అంకె చూసింది.

"ఫైనల్‌కి బెంచీ మీద కూర్చో, అమ్మడూ."

తూనీగ షూ వేసుకుంది. లేసు ముడి మూడుసార్లు తప్పింది. నా ప్రాణం ఉసూరుమంది.

"తప్పు నాది మేడమ్. మొదటిసారి నేను వాచ్ నొక్కలేదు. కానీ పలక లెక్కపెట్టింది, చూడండి. నిమిషం యాభై రెండు సెకన్లు!"

"అంతసేపూ నువ్వేం చేస్తున్నావ్?"

"చూస్తున్నానండి."

"స్క్రీనా?"

"మీ మేనకోడల్ని."

కోచ్ మెడలో విజిల్ అందుకుంది. నాకు రెడ్ కార్డు ఖాయమనుకున్నాను.

"అత్తా, అది చెల్లదులే," అంది తూనీగ మెల్లగా. "నేను కళ్లు పూర్తిగా మూసుకోలేదు. ఈయన వాచ్ నొక్కలేదని చూశాను."

"చూసి చెప్పలేదేం?"

"ఎంతసేపు చూస్తారో చూద్దామని." బుగ్గలు ఎర్రబడ్డాయి. "రెండేళ్లలో ఈ కాలి సంగతి మర్చిపోయింది అప్పుడొక్కసారే అత్తా."

అత్త మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. మేనకోడల్ని పది నిమిషాలు కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించింది. నన్ను బయటికి గెంటి, తన తువ్వాలుతో ఆమె కళ్లకి గంతలు కట్టి, వాచ్ తనే పట్టుకుని తలుపేసింది.

వరండాలో నేను ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. ఇరవై... ఇరవై ఐదు... ముప్పై. లోపల చప్పుడు లేదు.

తలుపు తెరుచుకుంది. అత్త, వెనకాలే గంతలు నుదుటికి ఎత్తుకుని నవ్వుతూ తూనీగ.

"నలభై ఒకటి," అంది అత్త. "శనివారం ఆడుతోంది. నువ్వూ వచ్చి ముందు వరసలో కూర్చో, దానికి కనపడేలా."

"అలాగేనండి!"

"సరే, ముందు ఆ కాలు దించు నాయనా."

అప్పుడు చూసుకున్నాను. అంతసేపూ నేనూ ఒంటికాలి మీదే నిలబడ్డాను.