పాన నా దగ్గర్నే ఉంటది

నా బండికి బ్రేకు లేదని రెండు తండాలూ ప్రచారం చేశాయి. పచ్చి అబద్ధం. బ్రేకు ఉంది. అది నా కుడికాలు. ఆ రోజు చెప్పు తెగింది, అంతే.

రెండువేల పదకొండు. సకల జనుల సమ్మె. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, మానుకోటలో మా పాలిటెక్నిక్ గేటుకు తాళం పడింది. తెలంగాణ కోసం అందరూ ఏదో ఒకటి ఆపేస్తుంటే నేనొక్కణ్ణే ఒకటి మొదలుపెట్టాను. మా అమ్మ తుల్సీబాయి ఇనుప మంచాన్ని కోసి చట్రం చేశాను. బాపు పాత మోపెడ్ ఇంజను ఊడదీసి వెనక బిగించాను. పాత సామాన్ల కొట్టులో కారు స్టీరింగు దొరికింది. కాలేజీలో దీన్ని గో-కార్ట్ అంటారు. తండాలో మంచంబండి అన్నారు. మా అమ్మ ఏమన్నదో మాత్రం ఇక్కడ రాయలేను. ఆమె అప్పటినుంచి నేల మీద పడుకుంటోంది.

సమ్మె పుణ్యమా అని కురవి రోడ్డు మొత్తం నాదే. అవతలి తండా పిల్లలు నలుగురిని ఎక్కించుకుని ఒక రౌండు కొడదామని బయల్దేరాను. క్రాస్‌రోడ్డు దగ్గర ఆ రోజు వంటా వార్పు ఉందని నాకెవరూ చెప్పలేదు. జనం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని నిరసన చెబుతున్నారు. దూరం నుంచే చూసి కాలు ఆనించాను. చెప్పు తెగింది. బండి బియ్యం బస్తాలను గుద్ది, దించి పెట్టిన పప్పుచారు గుండిగను బోర్లించి ఆగింది.

పొగలోంచి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో గరిటె.

"బ్రేకేది?"

"గిదే," అని కాలెత్తి చూపించాను.

"చెప్పేది?"

"ఆడ పడ్డది."

"నెత్తిల గుజ్జేది?"

అంతంత కళ్ళు చేసుకుని తిట్టింది. ఆమె పిల్లల్ని ఒక్కొక్కరినే దింపి కాళ్ళూ చేతులూ తడిమి చూసింది. జమ్లీ అనే ఆరేళ్ళ పిల్లకు మోకాలు గీరుకుపోయి నెత్తురు కారుతోంది. అది ఏడవలేదు.

"అన్నా, ఇంకోపారి పోదామా?" అంది.

జమ్లీ ఆ అమ్మాయికి మేనకోడలు. అమ్మాయి పేరు సుమన. టీచర్ ట్రైనింగ్ చదువుతూ, సమ్మె రోజుల్లో క్రాస్‌రోడ్డు నిరసన శిబిరం పక్కనే పిల్లల్ని కూర్చోబెట్టి పాఠాలు చెబుతోంది. వాళ్ళ నాన్న హీరాలాల్ అవతలి తండాకు నాయక్, అంటే పెద్ద. ఆయన మీసం దువ్వుకుంటూ వచ్చి రోడ్డు మీద పారుతున్న పప్పుచారు చూశాడు.

"మందిని ఉపాసం పెట్టినవ్ కదరా! ఇయ్యాల కాలవెట్టనీకె దిష్టిబొమ్మ గూడ దొరకలె. గీ బండినే కాలవెడదాం, తీయిండ్రి కిరసనాయిలు!"

శిబిరం చప్పట్లు కొట్టింది. పిల్లలు గొల్లుమన్నారు. నేనూ కొంచెం గొల్లుమన్నాను.

"కాలవెడితె ఇంకోటి చేస్తడు బాపూ, దీనికంటె ఉరికేది," అంది సుమన. "గీయన మొకం చూస్తె తెలుస్తలేదా? మంచిగ చేపిద్దాం. నేను సరే అన్నంకనే పిల్లలు ఎక్కాలె. అనకపోతె అప్పుడు కాలవెట్టు."

అలా నా బండి బతికింది. నేను మాత్రం అక్కడే పోయాను.

* * *

మర్నాటినుంచి రోజూ బండిని తోసుకుంటూ శిబిరానికి హాజరు. వెనక రెండు చక్రాలకూ అసలైన బ్రేకులు పెట్టాను. ఆమె జమ్లీని కూర్చోబెట్టి, "దీని కాలు అందుతలేదు. బ్రేకు నీకా, పిల్లలకా?" అంది. పెడల్ ముందుకు జరిపాను. మలుపులో ఒక చక్రం లేచింది. "మంచం ఎడల్పు చెయ్, సీటు కిందికి దించు." చేశాను. బెల్టు తెచ్చి జమ్లీ పొట్ట మీదుగా కట్టాను.

"గుద్దుకుంటె కడుపుల దిగుతది. నడుము కిందికి రావాలె, తొడల మీదికి. ఏం చదువుతున్నవ్ నువ్వు?"

"మెకానికల్."

"మనుషులకు పనికొచ్చేది గాదన్నట్టు."

చివరికి వేగం దగ్గర పంచాయితీ వచ్చింది. వేగమంటే నాకు ప్రాణం. అది తగ్గిస్తే ఇక మంచానికీ బండికీ తేడా ఏముంది? ఆమె వినలేదు. యాక్సిలరేటర్ పెడల్ కింద ఒక బోల్టు నిలబెట్టించింది. ఎంత తొక్కినా పెడల్ ఆ బోల్టుకు తగిలి ఆగుతుంది. బండి మనిషి నడిచినంత వేగంగా పోతుంది, అంతకన్నా చీమంత కూడా ముందుకు పోదు. బోల్టు బిగించిన పాన ఆమె చేయి చాచి అడిగింది.

"పాన నా దగ్గర్నే ఉంటది."

"నమ్మకం లేదా టీచరమ్మా?"

"పప్పుచారు ముచ్చట యాదికుంది."

ఒక సాయంత్రం సన్నగా తుంపర మొదలైంది. ఇంజను ఆడుతోంది. నేను పడేసిన సుత్తి తీయడానికి సుమన వంగింది, చున్నీ కొస చైనులోకి పోయింది. ఒక్క క్షణంలో మెడ దాకా లాగేసింది. నేను ఏదీ ఆలోచించలేదు. తడిచేత్తోనే ప్లగ్గు వైరు పట్టుకుని పీకాను. ఇంజను ఆగింది. నేను ఆగలేదు. షాక్ కొట్టి బండి చుట్టూ రెండు గెంతులు వేశాను.

సుమన మెడ పట్టుకుని కిందే కూర్చుంది. భయంతో కళ్ళలో నీళ్ళు. నా గెంతులు చూసి నవ్వు. రెండూ ఒకేసారి వచ్చాయి ఆ పిల్లకు. చున్నీ సగం చైనులోనే ఉంది, ఆమె చేయి నా చేతిలో ఉంది, వానకు ఇద్దరం తడుస్తున్నాం. చెయ్యి ఎవరు ముందు వదిలారో నాకు గుర్తులేదు. నేనైతే కాదు.

"గిదే ఏ పిల్ల జడనో అయితె?" అంది మెల్లగా.

ఆ రాత్రే నూనె డబ్బా కోసి చైనుకు మూత చేశాను. ఇంజను ఆపే స్విచ్చుకూ బ్రేకు తీగకూ కలిపి ఒక తాడు కట్టి వెనక్కి వదిలాను. పిల్లలు నడుపుతుంటే పెద్దవాళ్ళెవరైనా తాడు పట్టుకుని వెనకే నడవాలి. తాడు లాగితే ఇంజను ఆగుతుంది, వెనక బ్రేకులూ పడతాయి. దూడకు పలుపు ఉన్నట్టే. సుమన నాలుగుసార్లు లాగి చూసి, "సరే," అంది. నా జన్మకు అంత మంచి మార్కు ఏ సారూ వేయలేదు.

అప్పుడు జమ్లీ చల్లగా బాంబు వేసింది.

"అన్నా, మా అత్తకు కండక్టర్ మొగుడొస్తుండు. కాటారం నుంచి."

"ఎప్పుడు?"

"బస్సులు నడిచినంక."

సంగతేమిటంటే, అబ్బాయి ఆర్టీసీలో కండక్టరు. వాళ్ళదీ సమ్మే. పెద్దమనుషులతో పెళ్ళిచూపులకు రావాలంటే బస్సు లేదు. సమ్మెలో ఉన్నవాడు జీపు కట్టించుకుని పోతే నలుగురూ నవ్వుతారు. అందుకని ఆగాడు.

అప్పటినుంచి నా అంత ఉద్యమకారుడు మానుకోట చుట్టుపక్కల లేడు. పొద్దున్నే శిబిరానికి పోయి, "సమ్మె ఆపరు కదా?" అని అడిగేవాణ్ణి. బస్సులు కదిలితే పట్టాల మీదైనా పడుకుంటానని మైకులో చెప్పాను. బస్సులకు పట్టాలుండవని ఎవరో అన్నారు. అయినా చప్పట్లు కొట్టి నాకు దండేశారు.

సుమన ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. పక్కకు పిలిచింది.

"తెలంగాణ మీద గింత ప్రేమ ఎప్పటిసంది?"

"పుట్టినప్పటిసంది."

"అట్లనా! చెప్పేదేమన్న ఉంటె మా బాపుకు చెప్పు. వాళ్ళు రాకముందు చెప్పాలె. బెల్లం తిన్నంక నేనేం జేయలేను, ప్రేమ్‌సింగ్."

మా వాళ్ళలో రెండు కుటుంబాలు బెల్లం పంచుకుని తిన్నాయంటే సంబంధం ఖాయం. ఆ తర్వాత మాట తప్పితే తండాలో తలెత్తుకోలేరు. గోత్రాలు మాకు అడ్డు లేవు. అడ్డల్లా నా నోరే. రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అనుకుంటూనే ఉన్నాను. హీరాలాల్ మీసం కనపడగానే నాకు కిరసనాయిలు వాసన వచ్చేది.

* * *

ఒక పొద్దున జమ్లీనీ ఇంకో ముగ్గురు పిల్లల్నీ శిబిరం దగ్గర బండి ఆడిస్తున్నాను. మానుకోట వైపు నుంచి హారన్ వినిపించింది. ఎర్రబస్సు! ఇన్ని రోజులకు! పిల్లలు ఎగిరి గంతేశారు. నేనొక్కణ్ణే గంతేయలేదు.

బస్సులోంచి దిగినవాళ్ళు అటూ ఇటూ చూశారు. ఒక పెద్దావిడ చంకలో బెల్లం ముద్దల సంచి. ఒక చక్కటి యువకుడు నా దగ్గరికే వచ్చాడు.

"తమ్మీ, హీరాలాల్ నాయక్ తండ ఎటు?"

నేను నోరు తెరిచేలోపే జమ్లీ చేయి చాచింది. "గటు! మా తాతనే!"

వాళ్ళు చాయ్ తాగి ఆటో మాట్లాడుకునేలోపు నేను చేరిపోవాలి. జమ్లీ స్టీరింగు పట్టింది, దాని పక్కన ఇంకో పిల్ల, మిగతా ఇద్దరూ నా చెరోపక్క, నా చేతిలో తాడు. బండి బయల్దేరింది. అంటే కదిలింది. మేకలమంద మమ్మల్ని దాటిపోయింది. నెత్తిన కట్టెలమోపుతో లచ్చవ్వ అనే ముసలామె కూడా దాటిపోయి, వెనక్కి తిరిగి, "పిట్రోలు అయిపాయెనా బిడ్డా?" అని అడిగింది.

"తొక్కవే జమ్లీ!"

"తొక్కుతనే ఉన్న! బోల్టు!" అంది జమ్లీ. "అన్నా, మమ్మల్ని ఈడ ఇడిసిపెట్టి ఉరుకు."

ఉరకాలనే ఉంది. కాళ్ళు తహతహలాడుతున్నాయి. కానీ నెలకు పైగా ఖాళీగా పడున్న రోడ్డు మీదికి లారీలు, బస్సులు ఒక్కసారే వచ్చి పడుతున్నాయి. ఈ పిల్లలకు రోడ్డంటే ఆటస్థలమని నేర్పింది నేనే. తాడు ఎలా వదలను?

అప్పుడే మలుపులోంచి ఇంకో బస్సు దూసుకొచ్చింది. అదిరిపోయి జమ్లీ స్టీరింగు రోడ్డు మధ్యకే తిప్పింది. తాడు లాగాను. ఇంజను చచ్చింది, బండి ఉన్నచోటే ఆగింది. పక్కనున్న ఇద్దర్నీ రెక్క పట్టి నా వెనక్కి లాక్కున్నాను. బస్సు మా మీద దుమ్ము పోసి వెళ్ళిపోయింది. పిల్లలు బెల్టుల్లో అలాగే ఉన్నారు. జమ్లీ మొదటిసారి ఏడ్చింది.

మా వెనకే ఒక ఆటో ఆగి ఉంది. అందులోంచి కండక్టరు తల బయటపెట్టి నావైపే చూస్తున్నాడు. ఆటో మమ్మల్ని దాటిపోయింది. అయిపోయింది నా కథ అనుకున్నాను.

* * *

మేం చేరేసరికి హీరాలాల్ ఇంటిముందు అందరూ కూర్చుని ఉన్నారు. మధ్యలో పళ్ళెం, పళ్ళెంలో బెల్లం. సుమన పరుగున వచ్చి జమ్లీ బెల్టు విప్పింది, నలుగురినీ మొదటిరోజులాగే తడిమి చూసింది. ఈసారి గీత కూడా లేదు.

"గీయనే పెద్దాయనా, నేను చెప్పింది," అన్నాడు కండక్టరు. "తాడు గుంజకపోతె మీ మన్మరాలు బస్సు కింద ఉండేది."

హీరాలాల్ లేచి నా ముందుకు వచ్చాడు. మీసం దగ్గరగా వచ్చింది. ఇక పోయేదేముంది?

"నాయక్, నాకు సుమన గావాలె."

హీరాలాల్ మీసం మెలేశాడు.

"గిప్పుడా చెప్పేది? గింత లేటా?"

"బండి గంతకంటె ఉరకది. మీ బిడ్డనే బోల్టు పెట్టిచ్చింది."

ముందు నవ్వింది కండక్టరు. తర్వాత ఒకరి వెనక ఒకరు. వాళ్ళమ్మ మాత్రం నన్ను తన్నేలా చూసింది, ఆమెది న్యాయమే. హీరాలాల్ కూతురివైపు తిరిగాడు.

"ఏమంటవ్ బిడ్డా?"

సుమన చీర కొంగుముడి విప్పి పాన తీసింది.

"బాపూ, గిసొంటి పానలు కురవి అంగట్ల ఎన్నయినా దొరుకుతయ్. ఇంకోటి కొని బోల్టు ఇప్పుకుంటె ఎవ్వరికి తెలుస్తుండె? ఇన్ని దినాలల్ల ఒక్కనాడు ఇప్పలె. ఇయ్యాల నాకోసం ఉరుకుదామని మనసున్నా ఇప్పలె." పాన నావైపు చూపించింది. "నాకు గీయననే ఇష్టం."

హీరాలాల్ బెల్లం వైపు చూశాడు. "ఇంక పగలగొట్టలేదు పెద్దాయనా," అని కండక్టరే గుర్తుచేశాడు. "మాట పోలేదు. గాయనకే ఇయ్యిండ్రి, పిల్ల మనసు లేని ఇంటికి నేనెందుకు?"

నాయక్ ఒక ముద్ద పగలగొట్టాడు. మొదటి ముక్క కండక్టరు చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. రెండోది నా నోట్లో కుక్కాడు, కొంచెం కోపంగానే. మూడోది సుమనకు ఇవ్వబోతే జమ్లీ మధ్యలో లాక్కుని మింగేసింది.

"మామా," అంది నా చెయ్యి పట్టి ఊపుతూ. ఇందాకటిదాకా అన్నా అని పిలిచిన పిల్ల! "ఇగ నువ్వు మా మామవే గద. బోల్టు ఇప్పుదామా?"

నేను సుమన వైపు చూశాను. ఆమె పాన మళ్ళీ కొంగులో ముడేసుకుంటోంది.