తొలగించినట్టు రుజువు

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి లోపల ఒక మనిషి గోడకు చేరగిలబడి ఉన్నాడు. చొక్కా జేబు మీద చిన్న రంధ్రం. మెడలో కంపెనీ బ్యాడ్జి: డేటాబేస్ ఇంజనీర్.

"సైలెన్సర్ పిస్టల్. మనవాళ్ళని కలవడానికే కిందికి దిగుతున్నాడు," అన్నాడు చీఫ్, ఆ లిఫ్ట్‌లో తీసిన శవం ఫొటో టేబుల్ మీద పడేస్తూ.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో గుండుసూది అంటారు. ఏ సందులోనైనా దూరతాడు. కాలికి గుచ్చుకున్నాక గానీ అక్కడున్నాడని ఎవరికీ తెలియదు.

"ఏ కంపెనీ సార్?"

"వయసు తేల్చే కంపెనీ."

కొత్త చట్టం వచ్చాక పెద్దలకు మాత్రమే అన్న వెబ్‌సైట్లు ఊరికే తెరుచుకోవడం లేదు. ముందు ఐడీ కార్డు పెట్టాలి, ముఖం చూపించాలి, పద్దెనిమిది దాటినట్టు తేలాలి. పిల్లల కోసం తెచ్చిన చట్టం. చూపించిన ముఖాన్ని వెంటనే తొలగించాలని అందులో ఒక క్లాజు కూడా ఉంది.

"తొలగించలేదా?"

"శుభ్రంగా తొలగించారు. కానీ తొలగించినట్టు ఇన్‌స్పెక్టర్‌కి రుజువు చూపాలని ఆ కిందే ఇంకో క్లాజు ఉంది. అందుకని తొలగించే ముందు ప్రతి ముఖానికీ, కార్డుకీ, చూసిన పేజీకీ ఒక ఫొటో తీసి దాచారు. ఇదిగో సార్, దీన్నే తొలగించాం అని చూపించడానికి."

గుండుసూదికి నవ్వొచ్చింది. చీఫ్ మొహం చూసి మింగేశాడు.

"ఆ రుజువుల మీద విదేశీ ముఠా కన్ను పడింది. జడ్జీలు, సైనికాధికారులు, బడి పంతుళ్ళు, అందరూ ఉన్నారందులో. రేపు మధ్యాహ్నం మొత్తం బయటికి లాగేస్తారు. ప్రతి ముక్కా తాళం వేసి పంపుతారు, చివరి ముక్క చేరితే గానీ ఒక్కటీ తెరుచుకోదు. పంపుతున్నదెవరో, ఎటు పంపుతున్నారో నాకు ఆధారం కావాలి. ఊరికే తుడిచేసి రావద్దు."

"లోపల మనవాళ్ళు?"

"ఒకావిడ ఉంది. ముఠాలో మన మనిషి. కోడ్ నేమ్ నెమలి. నువ్వు 'ఈ గదిలో గాలి ఆడటం లేదు' అనాలి. ఆమె 'కిటికీలు గోడకి గీసినవే' అంటుంది."

సాయంత్రం గుండుసూది వాళ్ళక్క ఇంటికి వెళ్ళాడు. తనే రమ్మని కబురు చేసింది. అక్క న్యాయశాఖలో చట్టాల ముసాయిదాలు రాసే అధికారి. ఈ చట్టాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దాకా రాసింది ఆవిడే.

వంటింటి బల్ల మీద టీ చల్లారిపోయి ఉంది. అక్క ఫోను అతని ముందుకు జరిపింది. 'మీ కార్డు రుజువుల్లో ఉంది. రేపటికి ఫొటో మా చేతికొస్తుంది. సరిహద్దు ఒప్పందం ముసాయిదా ఇవ్వండి. లేదంటే మీ ఆఫీసులో అందరి ఫోన్లకీ వెళ్తుంది.'

"నేనెప్పుడూ ఆ సైట్లు తెరవలేదురా."

"నాకు తెలీదా అక్కా."

"మీ బావ. తన కార్డు పెట్టడానికి సిగ్గేసిందట. నాది పెట్టాడు. ముఖం అడిగితే పెళ్ళి ఫొటోలో నన్ను చూపించాడట. మెషీను ఒప్పుకుంది."

పక్క గదిలో బావ పేపర్ పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటి నుంచి పేజీ తిప్పలేదు.

"ఒప్పందం మాత్రం ఇవ్వను. చచ్చినా ఇవ్వను. కానీ బయటికొస్తే నేనింక ఏ మొహంతో ఆఫీసుకి వెళ్ళను? పిల్లల కోసమే రాశాన్రా. పదమూడేళ్ళ పిల్లలు ఏం చూస్తున్నారో ఆ కమిటీలో విన్నాక నాకు అన్నం సహించలేదు. ఆ రెండో క్లాజు కలపమన్నప్పుడు ఒక్కరూ అడ్డు చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

భయపడకు, నేనున్నాగా అనాలనిపించింది గుండుసూదికి. ఈ ఉద్యోగంలో ఆ మాట అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు పోయారు. అందుకని టీ వేడి చేసి ఆమె ముందు పెట్టాడు.

మర్నాడు ఏసీ మెకానిక్ వేషంలో కంపెనీలో అడుగుపెట్టాడు. భుజాన గ్యాస్ సిలిండర్, చేతిలో పానాల సంచి, మీసం నున్నగా గీసేసి ఉంది. రుజువుల గది తలుపుకి బయటి కంపెనీ తాళం ఎందుకు, మన సరుకే పెడదాం అనుకున్నారు కాబోలు, తమ సొంత వయసు మెషీనే బిగించారు. అది అతన్ని ఎగాదిగా చూసి ఎర్ర లైటు వెలిగించింది.

'క్షమించాలి. మీకు పద్దెనిమిది నిండలేదు.'

నలభై దాటినవాడు. నుదురు ముడిచాడు, చెంపలు లోపలికి పీల్చాడు. మెషీను కరగలేదు. వెనక నుంచి ఖరీదైన సెంటు వాసన వచ్చింది.

"మీసం ఉంచుకోవాల్సింది," అంది నెమలికంఠం రంగు కోటు వేసుకున్న ఆడమనిషి.

"ఈ గదిలో గాలి ఆడటం లేదండీ."

"కిటికీలు గోడకి గీసినవే." ఆమె ముఖం చూపించింది. తలుపు మర్యాదగా తెరుచుకుంది. "పిల్లలకి ఈ తలుపుతో పనే లేదు తెలుసా? వీపీఎన్ పెట్టుకుని పక్క దారిలో వెళ్ళిపోతారు. ఇక్కడ నిలబడి బుద్ధిగా కార్డు తీసేది పెద్దవాళ్ళే."

లోపల చలి. బీరువాల్లా నిలబడ్డ సర్వర్లు. మూల స్క్రీన్ మీద ట్రాన్స్‌ఫర్ గీత దాదాపు నిండిపోయింది. గుండుసూది ఆధారాలు నకలు తీసే వాచీ విప్పి దాని కింద ఆనించాడు. పంపేవాళ్ళ లాగిన్, పక్కనే ఫొటో వాచీ మీద మెరిశాయి. అది నెమలిదే.

తల తిప్పేసరికి ఆమె చేతిలో పిస్టల్ ఉంది. గొట్టానికి సైలెన్సర్.

"ఇంజనీర్ని నువ్వేనా?"

"మెట్ల మీదుగా దిగి ఉంటే బతికేవాడు పాపం."

గుండుసూది సిలిండర్ మూత తిప్పేశాడు. తెల్లటి గ్యాస్ బుస్సున లేచింది. ఆమె పేల్చిన తూటా ఎక్కడో ఇనుముకి తగిలింది. పొగలో ఆమె మణికట్టు దొరకబుచ్చుకుని మెలిపెట్టాడు. పిస్టల్ నేల మీద జారుకుంటూ పోయింది. ఆమె దగ్గుతూనే నవ్వింది.

"ఈ లైన్ ఆపే స్విచ్ ఇక్కడ లేదు. ఆపాలంటే మొత్తం తుడవాలి. తుడిస్తే నా లాగిన్, అవతలి అడ్రసు అన్నీ పోతాయి. ఇది పూర్తయితేనే నీ వాచీలో ఆధారం దిగేది. పూర్తవనిస్తావా? చూసుకో."

గీతలో సన్నటి ఖాళీ మిగిలింది. చీఫ్ మాట చెవిలోనే ఉంది. అక్క మొహం కళ్ళ ముందుంది. ఆమె ఒక్కతేనా, ఏ పాపం చేయకుండా సిగ్గుపడబోయేవాళ్ళు ఎంతమందో. గుండుసూది బూటు మడమలోంచి చెరిపేసే డ్రైవ్ తీసి సర్వర్‌లో గుచ్చాడు.

గీత చివర అంటబోతూ ఆగింది. స్క్రీన్ నల్లబడింది. వాచీ కూడా నల్లబడింది. నెమలి పిస్టల్ ఏరుకుని, కోటు దులుపుకుని నడిచి వెళ్ళిపోయింది. ఆమెను పట్టుకోవడానికి అతని చేతిలో ఇక ఏ ఆధారమూ లేదు.

"ఆధారమేదీ?" అన్నాడు చీఫ్.

"తుడిచేశాను సార్. నా కళ్ళతో చూశాను, కోర్టులో చెప్తాను."

"అధికారికంగా నువ్వే లేవు. లేనివాడు సాక్ష్యం ఎలా చెప్తాడు? కాగితాల ప్రకారం ఆవిడ ఇంకా మన మనిషే."

చీఫ్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నెల తిరగకుండానే ప్రకటన వచ్చింది. సాంకేతిక లోపం వల్ల పాత వివరాలు పోయాయి కాబట్టి వయోజనులందరూ మళ్ళీ కార్డు పెట్టి, ముఖం చూపించాలి. కాంట్రాక్టు కొత్త కంపెనీకి ఇచ్చారు. పేపర్లో దాని డైరెక్టర్ ఫొటో వేశారు. కోటు నెమలికంఠం రంగు అచ్చులో కూడా బాగానే పడింది. ఈసారి దేన్నీ దొంగిలించే పని లేదు. టెండర్ నెగ్గారు, జనం క్యూ కట్టి ఇస్తారు.

గుండుసూది అక్క ఆఫీసుకి పరుగెత్తాడు. జరిగిందంతా చెప్పాడు. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఉత్తర్వు రాసింది నేనే. పొద్దునే సంతకం కూడా పెట్టేశాను."

"ఆపెయ్యక్కా. సంతకం వెనక్కి తీసుకుంటానని చెప్పు."

"తీసుకుంటానంటే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పమంటావు? నా కార్డు సంగతా, కాగితాల్లో లేని నువ్వు చూసిన సంగతా?"

ఆమె కాగితం అతని చేతిలో పెట్టింది.

"చదువు. ఎక్కడైనా తప్పుంటే చెప్పు."

గుండుసూది మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఆఖర్న అందమైన సంతకం.

"ఒక్క కామా కూడా తప్పు లేదక్కా," అన్నాడు.