బురుజు మీద ఆడపిల్లలు

బోయిన్‌పల్లి అవతల ఆ పాత బురుజుకి మంచి పేరు లేదు. ఎప్పుడో ముట్టడి జరిగినప్పుడు ఇద్దరు ఆడపిల్లల్ని మేనాలో కూర్చోబెట్టి పై గదిలో దాచారట. గొడవ సద్దుమణిగాక వాళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదట... ఆ మేనా ఇంకా అక్కడే ఉంది. సర్కారువారు బురుజుని మ్యూజియం చేసి, మేనాకి ఒక అట్టముక్క తగిలించారు.

కాకినాడ నుంచి ఆ మ్యూజియంలో కొత్తగా ఉద్యోగానికొచ్చిన దేవకృపకి దెయ్యాలంటే నమ్మకం లేదు. ఆ చోటంటే అసహ్యం మాత్రం బోలెడు. పేరు గొప్ప ఊరు దిబ్బ! మెట్లనిండా పావురాల రెట్టలు, ఫిరంగి గొట్టంలో పల్లీ తొక్కలు, గోడలకి పాన్ ఉమ్ములు. ఛీ, చరిత్రని దాచుకునే తీరు ఇదా? కానీ రేపు పై అధికారులు వస్తున్నారు. పై గది తెరిచి చూపిస్తేనే ఉద్యోగం ఖాయం. లేదంటే సికింద్రాబాద్ స్టేషన్‌కెళ్లి కాకినాడ రైలెక్కడమే.

పొద్దుగూకేవేళ టార్చి పట్టుకుని మెట్ల దగ్గరికొచ్చింది. వాచ్‌మన్ సోమయ్య అడ్డమొచ్చాడు. నోటినిండా పాన్.

"మీదికి పోకుండ్రి మేడం... ఆడపిల్లలున్నయ్," అని గొణిగి, ఆ గోడకే ఉమ్మేసి గేటువైపు వెళ్లిపోయాడు.

ఆడపిల్లలు!

పైగా 'ఉన్నారు' అనలేదు. 'ఉన్నయ్' అన్నాడు. అవును మరి... చచ్చినవాళ్లని మనుషుల్లో ఎవరు కలుపుతారు?

ఒళ్లు జలదరించింది. అయినా ఎక్కింది. ఉద్యోగం కదా!

తలుపు తోయగానే గుప్పుమంది కంపు — ఉచ్చ, కుళ్లు, ఇంకేదో... చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మేనా తెర కదిలింది. లోపల సన్నగా ఏడుపు... ఒక గొంతు కాదు, రెండు.

"యేసయ్యా..."

తెర సందులోంచి మెత్తగా, తడిగా ఏదో వచ్చి ఆమె పాదం మీద పడింది. టార్చి ఎక్కడ పడిందో, తను మెట్లు ఎలా దిగిందో దేవకృపకి తెలీదు.

"సోమయ్యా... ఈ ఉద్యోగం నాకొద్దు," గేటు పట్టుకుని రొప్పుతూ అంది. "ఆ ఆడపిల్లలు ఏడుస్తున్నారు."

సోమయ్య తెల్లబోయాడు. "ఆడపిల్లలేంది మేడం? ఆడ... అంటే మీ దిక్కు 'అక్కడ' అంటరు గద! మేనాల పిల్లి రెండు పిల్లల్ని పెట్టింది. ఎలకల్ని సుత తెచ్చి పడేస్తుంది."

దేవకృప కిందికి చూసుకుంది. పాదం మీద నెత్తురు. చెప్పు పట్టీలో ఇరుక్కుని సగం కొరికిన ఎలుక. కాలు విదిలించి దాన్ని దూరంగా పడేసింది.

"మరి రేపు వస్తరా, రారా?" మెల్లగా అడిగాడు సోమయ్య.

ఆమె బురుజు పైకి చూసింది. మేనాలోని మఖమల్ పరుపు, దాని మీద పిల్లి చేసిన నిర్వాకం, పొద్దున్నే దిగబోయే అధికారులు... అన్నీ కళ్లముందు కదిలాయి.

"బకెట్టూ ఫినాయిలూ పట్రా. ముందు గోడమీద నీ ఉమ్ము కడుగు," అంది పళ్లు కొరుకుతూ. "దెయ్యాలే నయం సోమయ్యా... ఇన్నేళ్లూ ఆ మేనాలో ఉన్నా, దాన్ని శుభ్రంగా ఉంచాయి."