డమ్మీ నోరు విప్పిన సాయంత్రం

"నాన్నా, ఈయన నా కళ్ళజోడులో నా ముక్కలు చూస్తున్నారు."

ఆ అమ్మాయి నా గురించి అన్న మొట్టమొదటి మాట ఇది. పోనీ మెల్లగా అందా అంటే అదీ లేదు, క్లబ్బులో అన్ని టేబుళ్ళకీ వినపడేలా అంది. మా బ్రిడ్జ్ క్లబ్బు పెయింట్ల షాపు పైన మేడగదిలో ఉంటుంది. ఆడుతున్నవాళ్ళంతా ముక్కలు బోర్లించేసి మా వైపు తిరిగారు. నా పార్ట్‌నర్ క్లబ్బు సెక్రటరీ. లాండ్రీ నడుపుకునే పెద్దమనిషి, ఎవరితోనూ మాట పడని రకం. ఆయన నన్ను చూసిన చూపుకి, చూశానేమో అని నాకే అనుమానం వచ్చింది.

అసలు సంగతి చెప్తాను. నాది కళ్ళజోళ్ళ షాపు. ఎదుటి మనిషి మొహం మీద ఫ్రేము ఒక పక్కకి వాలి ఉంటే నాకు చెయ్యి ఊరుకోదు. ఆ అమ్మాయి ఫ్రేము ఎడమ పక్కకి వాలిపోయి ఉంది. ఆట మొదలైన దగ్గర్నుంచీ దాన్నే చూస్తున్నాను, ఒప్పుకుంటాను. దాని వెనకున్న కళ్ళని కూడా కాస్త చూశాను, అదీ ఒప్పుకుంటాను. ముక్కలు మాత్రం చూడలేదు, మా అమ్మ మీద ఒట్టు.

తగువు తీర్చాల్సింది సెక్రటరీ. కానీ ఆయన నా పార్ట్‌నర్ కాబట్టి చెల్లదని, తీర్పు చెప్పే పని ఆ అమ్మాయి నాన్నే నెత్తినేసుకున్నారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పరీక్ష హాళ్ళలో కాపీ కొట్టేవాళ్ళని పట్టుకోవడమే ఆయనకి పండగ. ఈ ఊరొచ్చి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే క్లబ్బంతా ఆయన్ని రూల్స్ మాస్టారు అంటోంది. కూతురు పళ్ళ డాక్టర్. ఆయన ఎదురుగా కూర్చుని ఆయనకి పార్ట్‌నర్‌గా ఆడుతుంది.

"మా అమ్మాయి ఇస్పేట్లు వదలగానే నువ్వు సరిగ్గా ఇస్పేట్లే ఆడావు. ఎలా తెలిసిందో చెప్పు," అన్నారు మాస్టారు, హాల్ టికెట్ చూపించమన్నట్టు.

చెప్పాను. ఇస్పేట్లకీ కళావర్లకీ రెండిటికీ, నన్ను ఆపే పెద్ద ముక్కలు పట్టుకుని కాపలా కాస్తున్నది ఆవిడ ఒక్కతే అని పడిన ముక్కల లెక్కలో తేలింది. నా దగ్గర మిగిలిన గెలుపు ముక్కల్ని నేను వరసపెట్టి వేస్తూ పోతే, ఆవిడ ప్రతిసారీ చేతిలోంచి ఏదో ఒకటి పారేయక తప్పదు. చివరికి రెండు కాపలాల్లో ఒకటి వదలాలి. ఏది వదిలితే నేను ఆ వైపు నుంచి దూరతాను. చేతిలో ఏమున్నాయో తొంగిచూడక్కర్లేదు, బల్ల మీద ఏం పడిందో చూసుకుంటే చాలు. దీన్నే స్క్వీజ్ అంటారు.

మాస్టారు కళ్ళు మూసుకుని లెక్క వేసుకున్నారు. తర్వాత కూతురి వైపు తిరిగి, లెక్క సరిపోయింది, సారీ చెప్పమన్నారు. పళ్ళ డాక్టర్ తన పన్ను తనే పీక్కుంటున్నట్టు మొహం పెట్టి సారీ చెప్పింది.

నేను ఊరుకోవచ్చుగా. ఊరుకోలేదు. ఫ్రేము వంకరగా ఉంది, షాపుకొస్తే ఊరికే సరిచేస్తానన్నాను.

"వంకర నా ఫ్రేముకా, మీ చూపుకా?" అంది. అప్పుడు గానీ క్లబ్బంతా నవ్వి ఎవరి ఆట వాళ్ళు ఆడుకోలేదు.

అన్నందుకు వస్తుందని నేననుకోలేదు, వచ్చింది. వేడి గాలి పట్టి ఫ్రేము కాడ మెత్తబరిచి, చెవి వెనక కొలత చూసి వంచి ఇచ్చాను. అద్దంలో ఇటూ అటూ చూసుకుని, ఇన్నాళ్ళూ ప్రపంచమే వాలి ఉందనుకున్నానంది. లేచి వెళ్ళకుండా స్టూలు లాక్కుని, ఆ స్క్వీజేదో నేర్పమంది. వాళ్ళ నాన్న రూల్స్ పుస్తకం మొత్తం అప్పజెప్పించారు గానీ ఇది మాత్రం నేర్పలేదట.

అలా మొదలైంది. మధ్యాహ్నం క్లినిక్ మూసిన గంటసేపు నా కౌంటర్ మీద అద్దాలు తుడిచే గుడ్డ పరిచి ముక్కలు పంచేవాణ్ణి. ఆవిడ తెలివి పాదరసం, కానీ ఒక్క దగ్గర మొండికేసేది. చేతిలో ఆసు ఉండి కూడా ఎదుటివాళ్ళకి ఒక ట్రిక్కు, అంటే ఒక చుట్టు ముక్కలు, వదలమంటే ప్రాణం పోయినట్టు చేసేది. నేను ఓపిగ్గా చెప్పేవాణ్ణి: వాళ్ళ చేతిలో ఒక పనికిమాలిన ముక్క మిగిలి ఉన్నంతకాలం దాన్నే పారేస్తారు, మనకి ఒరిగేదేమీ లేదు. ఎలాగూ పోయే ట్రిక్కుని ముందే ఇచ్చేస్తే, చివరికి వాళ్ళ దగ్గర అన్నీ అవసరమైనవే మిగులుతాయి. అప్పుడు ఊపిరాడదు.

"అంటే ఓడాల్సింది ముందే ఓడిపోవాలి."

"అంతే."

"మీకు బాగా అలవాటనుకుంటా," అనేది. అని నవ్వేది. ఆ నవ్వు కోసం నేను కావాలని కొన్ని ఆటలు ఓడిపోయాను కూడా.

ఒక రోజు పెద్ద వాన. క్లినిక్‌కి టైమైంది గానీ కదిలే వీల్లేదు. గుమ్మంలో నిలబడి వీధి చూస్తుంటే జల్లు మొహాన కొట్టింది. కళ్ళజోడు తీసి నాకిచ్చింది, తుడవమని. ఆవిడ పవర్ ఎంతో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అద్దాలు లేకపోతే రెండడుగుల అవతల నేనున్నానో, క్యాలెండర్ ఉందో కూడా తెలీదు. నా మొహం ఎన్ని రంగులు మారినా కనపడదన్న ధైర్యంతో అనేశాను.

"మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉంది."

ఆవిడ చెయ్యి చాచింది. కళ్ళజోడు ఇచ్చాను. పెట్టుకుని, సర్దుకుని, నన్ను తేరిపార చూసి, "ఇప్పుడు చెప్పండి, ఇందాక సరిగా కనపడలేదు," అంది.

చచ్చీ చెడీ రెండోసారి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వెళ్ళి స్టూలు మీద కూర్చుని, నాక్కూడా ఉంది, అదే వచ్చిన చిక్కు, అంది.

చిక్కు ఏమిటంటే, ఒక కుర్చీ. వాళ్ళమ్మకి పేకముక్క చూస్తే ఒళ్ళు మంట. నాన్నకి శనివారం ఆట లేకపోతే వారం గడవదు. ఆయనకి పార్ట్‌నర్‌గా నిలబడినవాళ్ళు లేరు. పాత ఊళ్ళో ఒకాయన ఆయన ఈసడింపులు పడలేక చదరంగంలోకి మారిపోయాడు, ఇంకొకాయన ఆయన్ని చూస్తే రోడ్డు దాటేసేవాడు. చివరికి కూతురు కూర్చుంది. పెళ్ళయినా వచ్చి ఆడొచ్చు కదా అన్నాను.

"అప్పుడు మీ ఎదురుగా ఎవరు కూర్చుంటారు? పెళ్ళయ్యాక మీ ఎదురుగా ఇంకెవరో కూర్చుని ఆడుతుంటే నేను చూస్తూ ఊరుకుంటాననుకున్నారా? నాకు మీ ఎదురుగానే కూర్చోవాలనుంది. నేను లేస్తే నాన్న ఒంటరైపోతారు. ఉన్నది ఒక్క కుర్చీ. నేనేం చెయ్యను?"

రెండిటికీ కాపలా ఆవిడ ఒక్కతే. తొందరపెడితే ఏదో ఒకటి వదిలేస్తుంది, ఏది వదిలినా ఏడుస్తుంది. నాకు నా మీదే కోపమొచ్చింది. అందుకే నోటికొచ్చింది అనేశాను: మాస్టారి ఎదురుగా నేనే కూర్చుంటాను.

అప్పుడు నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. ఒక్క సాయంత్రం తట్టుకోండి చూద్దాం అంది. రెండో వారం కూడా ఆయన తనంతట తాను నన్ను ఆటకి పిలిస్తే నాన్నతో తనే మాట్లాడుతుంది. పిలవకపోతే మాత్రం నేను మళ్ళీ ఈ ఊసెత్తకూడదు. సరేనన్నాను. అప్పటికి వాన వెలిసింది.

శనివారం ఆవిడ నడుం నొప్పి అని వంక పెట్టింది. మాస్టారు కంగారుపడి ఇంటికి పద అనేసరికి, ఆడగలను గానీ నీ తిట్లు పడేంత ఓపిక లేదని సెక్రటరీ ఎదురుగా కూర్చుంది. నేను గబుక్కున మాస్టారి ఎదురు కుర్చీ లాక్కున్నాను. ఆయన నన్ను పైనించి కిందకి చూసి, చేతులు కడుక్కున్నావా అని అడిగారు.

ఆ సాయంత్రం పడ్డ చీవాట్లు స్కూల్లో కూడా పడలేదు. ముక్కలు పట్టుకునే తీరు బాలేదు, ఎన్ని ట్రిక్కులు తెస్తామో పాట పాడేటప్పుడు దగ్గకూడదు, దగ్గితే సైగ చేసినట్టు లెక్క. అన్నిటికీ అలాగే మాస్టారూ అన్నాను. పక్క కుర్చీలో ఆ అమ్మాయి పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటోంది. చీవాట్లు పడుతూనే మంచి స్కోరు చేశాం. చివరి ఆట వచ్చేసరికి అది గెలిస్తే మొదటి స్థానం మాదే.

ఆ ఆట నా చేతికొచ్చింది. పదమూడు ట్రిక్కుల్లో పన్నెండు తెస్తానని మాటిచ్చాం. మాస్టారు డమ్మీ. డమ్మీ అంటే, తన ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి, నేను ఏ ముక్క పేరు చెప్తే ఆ ముక్క వెయ్యడమే పని. ఆట అయ్యేదాకా నోరు మెదపకూడదు. రూల్స్ మాస్టారికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు, కానీ రూలు రూలే.

లెక్కపెడితే ఖాయంగా వచ్చేవి పదకొండే. పన్నెండోది రావాలంటే స్క్వీజే దిక్కు. కాపలాలు రెండూ, ఆఠీన్లకీ డైమండ్లకీ, ఉన్నది ఆ అమ్మాయి దగ్గర. ముందు పోవాల్సిన ట్రిక్కు పోవాలి. సెక్రటరీ ఒక పెద్ద ముక్క వేస్తే, ఆసు చేతిలో పెట్టుకుని వదిలేశాను. మాస్టారి మొహం కందగడ్డయింది. బల్ల అంచు పట్టుకున్నారు. మాట మాత్రం రాలేదు. ఆ అమ్మాయికి అర్థమైంది, చూపు ముక్కల్లోంచి ఎత్తలేదు.

నా గెలుపు ముక్కలు ఒక్కొక్కటీ వేసుకుంటూ వచ్చాను. ఆవిడ చేతిలో ఇక మిగిలినవి మూడు: ఆఠీన్ రాజు, రాణి, డైమండ్ రాజు. డమ్మీలో ఆఠీన్ ఆసు, జాకీ, డైమండ్ రాణి. నా చివరి ఇస్పేట్ వేశాను. ఆవిడ ఆఠీన్ వదిలితే నా జాకీ గెలుస్తుంది, డైమండ్ వదిలితే రాణి గెలుస్తుంది. మూడో దారి లేదు. పన్నెండోది నా జేబులో ఉన్నట్టే.

ఆవిడ ఆలోచిస్తోంది. కింది పెదవి పంటి కింద. నుదుటి మీద సన్నగా చెమట. షాపులో స్టూలు మీద కూర్చుని, ఉన్నది ఒక్క కుర్చీ అన్నప్పుడు ఇలాగే ఉంది. ఇంత అందంగా ఇబ్బంది పడే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఒక ఎర్ర ముక్క బల్ల మీద పడింది. ఆవిడ తలెత్తి నన్ను చూసింది. నేనూ చూస్తున్నాను.

"డైమండ్ రాణి పారేయండి, మాస్టారూ," అన్నాను.

మాస్టారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. నా వైపు చూశారు, బల్ల వైపు చూశారు, మళ్ళీ నా వైపు చూశారు. ఆయన గొంతులోంచి కెటిల్ మూత కింద ఆవిరిలాంటి శబ్దమొకటి వచ్చింది. నేను మర్యాదగా ఇంకోసారి చెప్పాను, డైమండ్ రాణి. తన చేత్తో తనే తీసి పారేశారు పాపం. ఆఠీన్ ఆసు గెలిచింది. జాకీ వేశాను. ఆవిడ మెల్లగా ఆఠీన్ రాజుని దాని మీద పెట్టింది.

అప్పుడు చూశాను బల్ల వైపు. ఆఠీన్ అనుకున్నాను గానీ, ఆవిడ ఇందాక వదిలింది డైమండ్ రాజు. నా రాణి గెలిచే రాణి. నేనే పారేయించాను. మాట తప్పాం, మొదటి స్థానం పోయింది, రెండో వారం పిలుపూ పోయింది.

"ఆట అయిపోయింది," అన్నారు మాస్టారు. "ఇప్పుడు డమ్మీ మాట్లాడొచ్చు."

గదిలో అందరూ చెవులు రిక్కించారు.

"ముందు ఆసు ఎందుకు వదిలావు?"

ఎందుకో చెప్పాను. ఆయన తలూపారు. ప్లాను భేష్ అన్నారు. నేనైతే ఆ ఆసు వదిలే ధైర్యం చేసేవాణ్ణి కాదన్నారు. తర్వాత ముందుకి వంగారు.

"అంత లెక్క కట్టినవాడివి, బల్ల మీద పడ్డ రాజుని చూడలేదా?"

అబద్ధం చెప్పొచ్చు. తలనొప్పి అనొచ్చు, వెలుతురు చాల్లేదనొచ్చు. కళ్ళజోళ్ళవాణ్ణి, సాకులకి కొదవా. కానీ ఆ అమ్మాయి నన్నే చూస్తోంది.

"చూడలేదు మాస్టారూ. మీ అమ్మాయిని చూస్తూ కూర్చున్నాను. చాలా రోజులుగా నాకు ఇదే పని. పెళ్ళి చేసుకుందామని అడిగాను కూడా."

సెక్రటరీ చేతిలో పెన్సిల్ కింద పడింది. మాస్టారు కూతురి వైపు తిరిగి, నువ్వేమన్నావని అడిగారు.

"నాకిష్టమే అన్నాను నాన్నా. కానీ నేను ఈయన ఎదురుగా కూర్చుంటే నీ ఎదురుగా ఎవరూ ఉండరు. అందుకే ఆగాను."

జీవితంలో ఒక్క ట్రిక్కు ఊరికే వదలని మనిషి. ముక్కలన్నీ పోగుచేసి, అంచులు సరిచేసి, పెట్టెలో పెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ కళ్ళు తడిగా ఉన్నాయని నా వృత్తిలో ఉన్నవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"వచ్చే వారం నా ఎదురుగా నువ్వు రావద్దు," అన్నారు నాతో.

నేను కుర్చీ వెనక్కి జరిపి లేవబోయాను.

"అమ్మాయి ఎదురుగా కూర్చో. వచ్చే వారమే కాదు, ఆ పై వారం కూడా. ఎప్పుడూ." తర్వాత కూతురి తల మీద చెయ్యి వేశారు. "నా కుర్చీ కోసం నువ్వు ఆగిపోతావుటే? నాకు పార్ట్‌నర్లకేం కరువు. సెక్రటరీ గారు లేరూ?"

సెక్రటరీ మొహం ఇస్త్రీ చేసిన దుప్పటిలా తెల్లబడింది. తప్పించుకునే దారి కోసం గుమ్మం వైపు చూశారు, నా వైపు చూశారు. నేను చేతులు జోడించాను. ఆయన నిట్టూర్చి సరేనన్నారు.

ఆ అమ్మాయి లేచి నా ఎదురు కుర్చీ దగ్గరికొచ్చింది. మాస్టారు పక్కకి జరిగి చోటిచ్చారు. కూర్చుంది.

"ఇక పంచండి," అంది.